గేమ్ నడపాలి సరే, కథలు ఎక్కడ తేవాలి? హైదరాబాద్‌లో కొత్త గేమ్ మాస్టర్లకి

మా రోల్‌ప్లేయింగ్ గేమ్ టేబుల్‌కి కొత్తగా వచ్చినవాళ్లు మూడు నాలుగు ఆదివారాలు బుద్ధిగా ఆడతారు. ఆ తర్వాత ఒకరోజు చాయ్ బ్రేక్‌లో పక్కకి పిలిచి అడుగుతారు: "అన్నా, నేనూ ఒక గేమ్ నడుపుదామనుకుంటున్నా. మెటీరియల్ ఎక్కడ దొరుకుతుంది?" ఈ ప్రశ్నకి వాట్సాప్‌లో జవాబు కొట్టీ కొట్టీ వేళ్లు నొప్పెడుతున్నాయి. అందుకే ఒకేసారి వివరంగా రాస్తున్నాను. రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పను. రెండు మూడు సార్లు ఆడి, ఇక గేమ్ మాస్టర్ (అంటే టేబుల్ దగ్గర కథ నడిపే మనిషి) అవుదామనుకునేవాళ్ల కోసమే ఇది.

నా కథ చెప్తే మీకు కొంత టైమ్ కలిసొస్తుంది. మొదటి ఏడాది నా ల్యాప్‌టాప్‌లో మూడొందలకు పైగా పీడీఎఫ్‌లు పోగేశాను. చివరిదాకా చదివినవి పది కూడా ఉండవు. మొదటి సెషన్‌కి ఒక రాజ్యం చరిత్ర ఇరవై ఆరు పేజీలు రాసుకుని వెళ్లాను. ప్లేయర్లు ఊరి బయట చాయ్ కొట్టు దగ్గర ఆగి, "ఈ కుర్రాడి పేరేంటి?" అని అడిగారు. నా దగ్గర తొమ్మిది తరాల రాజుల పేర్లున్నాయి, ఆ కుర్రాడికి మాత్రం పేరు లేదు. ఆ పూట గంటన్నర ఆ కొట్టు దగ్గరే గడిచింది. కాబట్టి పోగేయడం నేర్పను. దొరికినదాన్ని టేబుల్ మీద పనికొచ్చేలా ఎలా మార్చుకోవాలో చెప్తాను.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- పిల్లలు లెక్కలు చేసే గళ్ల నోట్‌బుక్ ఒకటి. మ్యాపులకి దీన్ని మించింది లేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పేరున్న రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో ఒక గడి అంటే 5 అడుగులు, ఆ లెక్క సరిపోతుంది.
- జేబులో పట్టే చిన్న పుస్తకం, పెన్ను. ఫోన్‌లో రాసుకుంటే రాసుకోండి, కానీ ఫోన్ నోట్స్‌ని మళ్లీ తెరిచి చూసినవాణ్ని నేనింకా చూడలేదు.
- ఆరు ముఖాల పాచికలు రెండు. ఇంట్లో లూడో డబ్బాలో ఉంటాయి.
- ఇరవై ముఖాల పాచిక ఉంటే మంచిది. లేకపోతే తంబోలా సెట్‌లోంచి 1 నుంచి 20 దాకా నంబర్లు తీసి సంచిలో వేయండి. తీసిన నంబరు ప్రతిసారీ తిరిగి సంచిలో పడాలి. పడకపోతే ఆట సాగేకొద్దీ లెక్క తప్పుతుంది. ఆ గొడవ వద్దనుకుంటే ఫోన్‌లో పాచిక వేసే యాప్‌లున్నాయి.
- ఒక ఖాళీ ఆదివారం.

1. బజారుకి వెళ్లేముందు చీటీ రాసుకోండి

చీటీ లేకుండా కూరలకి వెళ్తే సంచి నిండుతుంది, సాయంత్రానికి వండటానికి మాత్రం ఏమీ ఉండదు. ఇక్కడా అంతే. మూడు గంటల సెషన్‌కి నిజంగా కావలసినవి ఇవి: ఒక సమస్య, దాని వెనుక ఒక కారణం, ముగ్గురు మనుషులు, మూడు చోట్లు, ఒక వింత వస్తువు, అప్పటికప్పుడు ఇవ్వడానికి పది పేర్లు. నోట్‌బుక్ మొదటి పేజీలో వీటికి ఖాళీలు గీసుకోండి. ఇక ఏం చదివినా, ఎక్కడ తిరిగినా ఈ ఖాళీల్లో ఒకటి నిండిందా లేదా అన్నదే చూడాలి. నిండకపోతే అది ఎంత బాగున్నా ఈ వారానికి పక్కన పెట్టండి.

2. రూల్స్ ఒక్కటే తీసుకోండి, ఉచితంగా దొరికేది

దొంగ పీడీఎఫ్‌ల కోసం వెతకాల్సిన అవసరం లేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాల్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద వదిలారు. సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్ 5.1 అని వెతకండి. దాన్ని మార్చుకోవచ్చు, మీ టేబుల్ కోసం తెలుగులోకి తెచ్చుకోవచ్చు. నలుగురికీ పంచితే మాత్రం ఎక్కడినుంచి తీసుకున్నారో పేరు వేయాలి.

అది వందల పేజీలు, మొదటిసారికి బరువు అనిపిస్తే రెండు దారులున్నాయి. లేజర్స్ అండ్ ఫీలింగ్స్ అనే అంతరిక్ష ఆట మొత్తం ఒక్క పేజీ, దానికి లూడో పాచికలు చాలు. ఐరన్‌స్వార్న్ పీడీఎఫ్ కూడా ఉచితమే. దాన్ని ఒక్కరే కూర్చుని కూడా ఆడొచ్చు, దానికి పది ముఖాల పాచికలు రెండు అదనంగా కావాలి. గ్రూపు ఇంకా కుదరనివాళ్లకి నేను చెప్పేది అదే. ఇంకా కావాలంటే డ్రైవ్‌త్రూఆర్‌పీజీ, ఇచ్ డాట్ ఐఓ సైట్లలో ఉచితం అన్న ఫిల్టర్ పెట్టి చూడండి. ఒక్క పేజీలో మొత్తం సాహసం రాయాలన్న 'వన్ పేజ్ డంజన్' పోటీ పాత ఎంట్రీలు కూడా దొరుకుతాయి. వాటిలో రెండు మూడు చదవండి. కథ కోసం కాదు, ఒక పేజీలో ఏది రాశారు, ఏది వదిలేశారు అన్నది చూడటానికి.

జాగ్రత్త: ఒక సిస్టమ్‌లో (అంటే ఒక ఆట రూల్స్‌తో) మూడు సెషన్లు నడిపేదాకా రెండోది డౌన్‌లోడ్ చేయకండి. ఈ మాట ఎవరూ వినరని తెలుసు, అయినా చెప్పడం నా ధర్మం.

3. ఆదివారం పొద్దున్నే అబిడ్స్

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ రూల్‌బుక్‌ల కోసం వెతికితే నిరాశే. వెతకాల్సినవి వేరే: పాత పిల్లల పత్రికలు (బొమ్మల కోసం), అట్లాసులు, ఇళ్ల ప్లాన్ల పుస్తకాలు, ఫొటోలున్న ప్రయాణాల పత్రికలు, పాత వంటల పుస్తకాలు. ఇంటి ప్లాన్‌లో బెడ్‌రూమ్ అన్నచోట ఖజానా అని, పూజగది అన్నచోట తాళం వేసిన గది అని రాయండి, దొంగల స్థావరం తయారు. గంటలకొద్దీ గీయక్కర్లేదు. పుస్తకం కొనలేకపోతే అడిగి ఒక పేజీ ఫొటో తీసుకోండి. ఒక చిన్న పుస్తకమైనా కొని అడిగితే కాదనరు.

వానాకాలం అయితే ఆ షికారు మానేసి అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికో, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికో వెళ్లండి. డిసెంబరు, జనవరి ప్రాంతంలో అయితే బుక్ ఫెయిర్ ఎలాగూ ఉంటుంది.

4. కోటకి వెళ్లండి, కానీ టూరిస్టులా కాదు

గోల్కొండకి మీరు చిన్నప్పుడే వెళ్లుంటారు. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండమీద బాలా హిస్సార్‌లో వినిపిస్తుందని గైడ్ చూపించే ఉంటాడు. ఈసారి గేమ్ మాస్టర్‌లా నిలబడి మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎవరి కోసం కట్టారు? దీన్ని ఎవరు మోసం చేయగలరు? చేస్తే పైవాడికి ఏం వినిపిస్తుంది? చప్పట్లతో సంకేతం పంపే కోటలో తప్పుడు చప్పట్లు కొట్టేవాడు ఒకడుంటే మీ సెషన్ సగం అయినట్టే. తలుపుల మీది ఇనుప మేకులు ఏనుగులు తలతో మోదకుండా పెట్టినవి. అంటే ఆ తలుపు దాటాలంటే బలం పనికిరాదని మీ ప్లేయర్లకి మీరు నోరు విప్పకుండానే తెలుస్తుంది.

అసలు కథ ఇంకోటి ఉంది. ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు బయట కూర్చున్నా కోట లొంగలేదు. 1687లో లోపలివాడే ఒకడు రాత్రిపూట తలుపు తీశాడు. ఈ ఒక్క వాక్యంతో నేను మూడు వేర్వేరు గ్రూపులకి గేమ్ నడిపాను. కోట పేరు, రాజుల పేర్లు అన్నీ మార్చేశాను. ప్లేయర్లందరూ లోపలి కాపలావాళ్లు. ప్రతి ఒక్కరికీ మడిచిన చీటీలో తలుపు తీయడానికి ఒక్కో కారణం ఇచ్చాను: ఆరు నెలలుగా జీతం లేదు, బయట సైన్యంలో తమ్ముడున్నాడు, పాపకి జ్వరం మందు బయటే దొరుకుతుంది, పైఅధికారి చేసిన అవమానం. ద్రోహి ఎవరో నేను నిర్ణయించలేదు. మూడు గ్రూపుల్లోనూ తలుపు తెరుచుకుంది, మూడుసార్లూ వేర్వేరు చేతులతో.

మ్యూజియంలో పద్ధతి వేరు. సాలార్‌జంగ్‌కి శుక్రవారం వెళ్లకండి, సెలవు. లోపల అన్నీ చూడాలని పెట్టుకోవద్దు. మూడు వస్తువులు ఎంచుకుని ఒక్కోదాని కింద మూడు లైన్లు రాయండి: ఇది ఎవరు పోగొట్టుకున్నారు, ఎవరికి కావాలి, దీంతో ఉన్న తంటా ఏమిటి. అక్కడి మ్యూజికల్ క్లాక్ దగ్గర గంట కొట్టే బొమ్మ కోసం జనం మూగుతారు. అందరూ గడియారం వైపు చూస్తున్నప్పుడు మీరు జనం వైపు తిరగండి. దొంగతనం సీన్‌కి ఎవరు ఎక్కడ నిలబడతారో అక్కడే అర్థమైపోతుంది.

బన్సీలాల్‌పేట మెట్లబావి కూడా చూడండి. ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి ఉన్నదాన్ని తవ్వి, బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచారు. పూడిపోయిన బావిని తవ్వితే ఏం బయటపడుతుంది? దీని సంగతి కింద మళ్లీ వస్తుంది.

ఒక హెచ్చరిక. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరదొచ్చినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టుని నేనొకసారి గేమ్‌లో పెట్టాను. బాగా రక్తి కడుతోందనుకుంటున్న సమయంలో ఒక చెల్లి మౌనంగా అయిపోయింది. 2020 అక్టోబరు వానల్లో వాళ్లిల్లు మునిగిందని తర్వాత తెలిసింది. అప్పటినుంచి టేబుల్ మధ్యలో ఎక్స్ గుర్తున్న కార్డు పెడుతున్నాను. ఎవరైనా దాన్ని తాకితే ఆ సీన్ అక్కడితో ఆపి ముందుకు వెళ్తాం, ఎందుకని అడగం. ఈ ఊళ్లో నిజమైన దర్గాలు, గుళ్లు, కులాల పేర్లు కథలోకి తేవద్దన్నది కూడా అలాగే పెట్టుకున్న నియమం. ఊహాలోకపు దేవుళ్లకి కొరత లేదు.

5. ప్లాట్ కావాలంటే ఏడు చేపల కథ

ప్లాట్ రాయడం ఎలా అని ఇంగ్లిష్ వీడియోలు చూస్తూ కూర్చునేవాళ్లకి నేను చెప్పే మాట: మీ అమ్మమ్మ అన్నం పెడుతూ మీకు నేర్పేసింది. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చారు. ఒక చేప ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమోపు అడ్డొచ్చింది. గడ్డిమోపుకి ఆవు, ఆవుకి పాలేరు, పాలేరుకి అవ్వ, అవ్వకి పిల్లాడు, పిల్లాడికి చీమ. చివరికి చీమ ఏమంది? "నా బంగారు పుట్టలో వేలుపెడితే కుట్టనా?"

దర్యాప్తు సాహసానికి ఇంతకంటే మంచి అచ్చు నాకు కనబడలేదు. పని ఇలా చేయాలి. చేప దగ్గర మొదలుపెట్టండి, అంటే పైకి కనిపించే చిన్న ఇబ్బంది. అక్కడినుంచి ఐదారుసార్లు "ఎందుకు?" అనండి. నేను ఆ మెట్లబావి చూసొచ్చి రాసుకున్నది ఇదీ:

వంతెన మీద దీపాలు వెలగట్లేదు. ఎందుకు? నూనె రాలేదు. ఎందుకు? గానుగ ఆగిపోయింది. ఎందుకు? ఎద్దు తాడు తెంపుకుని పారిపోయింది. ఎందుకు? రాత్రిళ్లు పాత బావిలోంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారు. ఎందుకు? బావి పూడ్చిన రోజు లోపల పనిచేస్తున్న ఒకతను బయటికి రాలేదు, ఊరు లెక్క చూసుకోలేదు. అతనేమంటాడు? "నా కూలి నాకివ్వండి."

గమనించండి, చివర ఉన్నవాడు దుర్మార్గుడు కాదు. చీమలాగే అతని పక్షాన న్యాయం ఉంది. ప్లేయర్లు కత్తి దూసి వచ్చి ఈ మాట విన్నాక ఏం చేస్తారన్నదే మీ ఆఖరి గంట. చివరి లింకులో "ఎందుకంటే వాడు చెడ్డవాడు" అని రాసుకుంటే కొట్లాట తప్ప ఏమీ మిగలదు.

ఒక లింకు నుంచి ఇంకో లింకుకి వెళ్లడానికి ఒక్క ఆధారమే పెట్టడం అందరూ చేసే తప్పు. ప్లేయర్లు దాన్ని చూడరు. చూసినా వేరే అర్థం తీస్తారు. ప్రతి లింకుకీ మూడు ఆధారాలు పెట్టండి: ఒకటి కంటికి కనబడేది, ఒకటి మనిషి చెప్పేది, ఒకటి వెతికితే దొరికేది. మూడింట్లో ఒకటి తగిలినా కథ కదులుతుంది. మధ్యలో లింకులు దూకేసి నేరుగా బావి దగ్గరికి వెళ్లిపోతే వెళ్లనివ్వండి, ఏడవకండి.

పాత కథల్లో ఇంకా బోలెడు సరుకుంది. ఊరి చివర ఇంట్లో పేదరాశి పెద్దమ్మ ఉండనే ఉంది: అన్నం పెడుతుంది, ఊరి రహస్యాలన్నీ చెబుతుంది, ఎవర్నీ ఎక్కడినుంచి వచ్చారని అడగదు. ప్లేయర్లకి దారి తప్పినప్పుడు ఆమె గుమ్మం చూపించండి. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉండటం కూడా వాడొచ్చు, ఒక మార్పుతో: ఆ చిలకని ఎవరో పెంచుకుంటున్నారు, చంపనివ్వరు.

6. దారిలో ఏం తగులుతుంది? రెండు పాచికల పట్టిక

ప్లేయర్లు "మేం బజార్లోకి వెళ్తాం" అన్నప్పుడు నోరెళ్లబెట్టకుండా ఉండటానికి ఇది. రెండు పాచికలు కలిపి వేస్తే 36 రకాలుగా పడొచ్చు. అందులో 7 ఆరు రకాలుగా వస్తుంది, 2 గానీ 12 గానీ ఒక్కో రకంగానే. కాబట్టి 6, 7, 8 దగ్గర రోజూ కనిపించేవి రాయండి, అంచుల్లో అరుదైనవి.

బేగంబజార్‌లోనో, లాడ్ బజార్‌లోనో అరగంట నిలబడి చూసినవి రాసుకుంటే చాలు. నా పట్టికలో 7 అంటే బండి అడ్డం తిరిగి దారి ఆగిపోవడం. 6 అంటే బేరం దగ్గర గొడవ. 8 అంటే పెళ్లి బాజా. 4 అంటే అప్పులవాడు ప్లేయర్లలో ఒకర్ని వేరే ఎవరో అనుకోవడం. 2 అంటే నిన్న చనిపోయినవాడు గాజులు బేరమాడుతూ కనిపించడం. మీది మీరు రాసుకోండి. ఎవరో రాసిన పట్టికలో చావడీలు, సత్రాలు, పందికొవ్వు కొవ్వొత్తులు ఉంటాయి, మీ నోటికి తిరగవు.

పేర్లు చాట్‌బాట్‌తో రాయించుకోవచ్చు కదా అంటారు. రాయించుకోండి, కానీ కథ రాయించకండి. నేను చూసినంతలో ప్రతిసారీ ఏదో ఒక పురాతన శాపం, ఏదో ఒక నీలి స్ఫటికం వస్తున్నాయి. పేర్లకి పాత పెళ్లిపత్రికలు ఇంకా మంచివి. ఒకరి పేరు, ఇంకొకరి ఇంటిపేరు కలపండి, ఎవర్నీ ఉన్నది ఉన్నట్టు దించకండి.

7. అంతా ఒక్క పేజీకి దించండి

శనివారం రాత్రి కూర్చుని, పైన పోగేసినదంతా గళ్ల నోట్‌బుక్‌లో ఒక్క పేజీకి ఎక్కించండి. పట్టకపోతే అక్షరాలు చిన్నవి చేయకండి, సరుకు తీసేయండి. మనుషుల వివరాలు పేరు, కోరిక, ఒక అలవాటు: "సత్తెమ్మ, గానుగ యజమానురాలు, ఎద్దు దొరకాలి, మాట మధ్యలో పమిటతో చేతులు తుడుచుకుంటుంది." అంతే. చదివి వినిపించే పేరాలు రాయకండి. మీరు చదువుతుంటే వాళ్లు ఫోన్లు తీస్తారు.

ఎక్కడ దెబ్బ తింటారు

సినిమా కథని ఉన్నదున్నట్టు దించడం. నలుగురిలో ఒకరికి గంటలోపే తెలిసిపోతుంది, మిగతా సెషన్ అంతా క్లైమాక్స్ ముందే చెప్పేస్తుంటాడు. ఒక సీన్ తీసుకుని కాలం, వృత్తి, గెలిచేవాళ్లు మూడూ మార్చితే పట్టుబడరు.

యూట్యూబ్‌లో సెషన్లు చూసి బెంగపడటం. పెద్ద షోలలో ఆడేవాళ్లు చాలామంది నటులు. మైకులు, లైట్లు, ఎడిటింగ్ ఉంటాయి. మీ ఇంట్లో కుక్కర్ విజిల్ ఉంటుంది. టెన్షన్ పడకండి.

పాత్రకి గొంతు మార్చాలని ఎవరి యాసనో వెక్కిరించడం. టేబుల్ దగ్గర నల్గొండవాళ్లుంటారు, కడపవాళ్లుంటారు, శ్రీకాకుళంవాళ్లుంటారు. నవ్వు వస్తుంది, మనిషి మళ్లీ రాడు. గొంతు బదులు వేగం మార్చండి: ఒకరు గబగబా, ఒకరు ఆగి ఆగి. భాష మాత్రం మన ఊళ్లో మాట్లాడినట్టే, తెలుగు, దక్కనీ కలిపి సాగనివ్వండి.

పనిచేస్తోందో లేదో చూసుకోవడం

ఆటకి ముందు ఒక పరీక్ష. ఈ ఆట తెలియని ఒకరికి సమస్య ఏమిటో సిగ్నల్ దగ్గర ఎర్రలైట్ పచ్చబడేలోపు చెప్పండి. "తర్వాతేమైంది?" అని అడిగితే సరే. "ఓహో" అంటే ఐదో మెట్టుకి వెళ్లి చేప మార్చండి.

ఆట అయ్యాక అదే రాత్రి పేజీ తీసి, వాడినవాటికి టిక్కు పెట్టండి. సగం కూడా టిక్కు పడకపోతే ఎక్కువ రాసుకున్నారన్నమాట, వచ్చేసారి తగ్గించండి. అన్నిటికీ టిక్కు పడితే ఇంకా అనుమానించాలి. ప్లేయర్లని మీ లైన్ మీదే నడిపించారేమో అడిగి చూడండి. "ఎలా ఉంది?" అని అడగొద్దు, "సూపర్ అన్నా" అంటారు. "ఏ ఇరవై నిమిషాలు బోర్ కొట్టింది?" అని అడగండి, అప్పుడు నిజం వస్తుంది.

టిక్కు పడనివి పారేయకండి. పేజీ వెనక్కి తిప్పి అక్కడ రాసిపెట్టుకోండి. నా చాయ్ కొట్టు కుర్రాడికి ఆ రోజు అప్పటికప్పుడు పెట్టిన పేరు యాదగిరి. ఇప్పుడు వాడు నాలుగో క్యాంపెయిన్‌లో (అంటే చాలా సెషన్లు సాగే కథలో) ఉన్నాడు, సొంత హోటల్ పెట్టాడు, ప్లేయర్లు వాడికి అప్పున్నారు. ఆ ఇరవై ఆరు పేజీల్లోని రాజుల్లో ఒకడి పేరు మొన్న వాడి పిల్లికి పెట్టాను.